సీలు అంకె చూడని ఆదివారం

మా చెల్లెలు మొట్టమొదట సాధించింది ఒక గేటు తాళంచెవి. నవ్వకండి. దానికోసం పదకొండు నెలలు తిరిగింది, ఏడు అర్జీలు పెట్టింది, ఒక జత చెప్పులు అరగదీసింది.

మా వీధి చివర పిల్లలు ఫుట్‌బాల్ ఆడే మైదానానికి రెండు గేట్లున్నాయి. మనుషులు దూరే చిన్న గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వాహనం పట్టే పెద్ద గేటుకి తాళం. ఆ తాళంచెవి క్లబ్బు కమిటీ కార్యదర్శిగారి కళ్లజోళ్ల దుకాణంలో మేకుకి వేలాడుతుండేది. ఒక ఆదివారం ఎవరి పిల్లవాడికో కాలు విరిగితే అంబులెన్సు ఆ గేటు బయట ఇరవై నిమిషాలు నిలబడింది. నా మనవరాలి ఆట చూడడానికి వచ్చిన మా చెల్లెలు ఆ ఇరవై నిమిషాలూ పిల్లవాడి కాలు కదలకుండా పట్టుకుని కూర్చుంది. మర్నాడే మొదటి అర్జీ రాసింది.

"నర్సమ్మగారూ, తాళంచెవి పదిమంది చేతుల్లో ఉంటే ఇక తాళం ఎందుకండీ?" అన్నాడు కార్యదర్శి.

"అవసరానికి ఒక్కరి చేతిలోనూ లేకపోతే అంబులెన్సు ఎందుకండీ?" అంది మా చెల్లెలు.

ఏడో అర్జీకి ఆయన విసిగిపోయి రెండో తాళంచెవి చేయించి ఇచ్చాడు. పదకొండుమంది మొగవాళ్ల కమిటీ ఎనిమిదేళ్లలో చెయ్యని పని అది.

నేను మా ఊరి బడిలో ఏడో తరగతితో ఆపేసి వడ్రంగంలో పడ్డవాణ్ని. మా చెల్లెలు అదే బడిలో, అదే పగిలిన పలక మీద మొదలుపెట్టి నర్సు చదువు దాకా వెళ్లింది. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆసుపత్రిలో చేసింది. అందులో పంతొమ్మిది సంవత్సరాలు అత్యవసర విభాగంలో. రెండు ప్రశంసాపత్రాలు వచ్చాయి. రెండింటికీ చట్రాలు నేనే కట్టాను. ఆమె వాటిని బీరువా వెనక పెడితే నేనే తీసి హాల్లో గోడకి కొట్టాను. ఉద్యోగం అయిపోయాక మా ఇంటి వెనక వాటాలోకి వచ్చి, విశ్రాంతి తీసుకోమంటే మైదానం పట్టుకుంది.

ఆ తాళంచెవి తర్వాత నాలుగేళ్లలో ఆమె చేసిన పనులు చెబుతాను. నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

మైదానం గోడ మీద పెద్ద అక్షరాలతో చిరునామా రాయించింది. ఎందుకంటే కంగారులో ఫోను చేసినవాడికి తను ఎక్కడున్నాడో చెప్పడం రాదు. ఆడే ప్రతి పిల్లకీ ఒక పసుపు కార్డు పెట్టింది. ఏ జబ్బుంది, ఏ మందు పడదు, ఎవరికి ఫోను చెయ్యాలి అన్నీ అందులో ఉంటాయి. కార్డు లేని పిల్లని గీత లోపలికి రానిచ్చేది కాదు. ఎండాకాలంలో మధ్యాహ్నం ఆట మానిపించి పొద్దుటికి మార్పించింది. మూర్ఛ వచ్చిన పిల్ల నోట్లో చెంచా కుక్కే అలవాటును ఆ మైదానంలో లేకుండా చేసింది. మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ వేలాడేది కాబట్టి పిల్లలు ఆమెని గడియారమ్మ అనేవారు.

అన్నిటికన్నా పెద్ద పని నాలుగు అంకెల పద్ధతి. ప్రతి ఆదివారం ఆట మొదలవకముందే వచ్చిన పెద్దవాళ్లలో నలుగురిని నిలబెట్టేది. ఎవరైనా కుప్పకూలితే ఒకటో మనిషి ఛాతీ నొక్కాలి. రెండో మనిషి ఫోను చెయ్యాలి. మూడో మనిషి పెద్ద గేటు తెరిచి రోడ్డు మీద నిలబడాలి. నాలుగో మనిషి పెట్టె తేవాలి. ఎవరు ఏ అంకో అప్పుడే తేలిపోవాలి.

"ఆట మొదలవకుండానే ఈ పడిపోయే మాటలేంటండీ?" అని ఒక తండ్రి సణిగాడోసారి.

"గొడుగు పట్టుకెళ్తే వాన పడుతుందా బాబూ? రా, నువ్వే ఒకటి."

ఛాతీ నొక్కడం నేర్పడానికి మా పాత పరుపుని చుట్టి తాడుతో కట్టి నేనొక బొమ్మ చేసిచ్చాను. దాని మీద నూట నలభైమూడు మందికి నేర్పింది. వాళ్లలో బస్సు డ్రైవర్లున్నారు, బ్యాంకు గుమాస్తాలున్నారు, ఒక వంటమనిషి ఉంది. అందరిలోకీ బాగా నొక్కింది ఆ వంటమనిషే.

"ఏంటి నాయనా, దుప్పటి దులుపుతున్నావా?" అనేది మా చెల్లెలు మెతకచేతుల వాళ్లని. "నీ బొటనవేలంత లోతు దిగాలి. ఎముక విరుగుతుందని భయపడకు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, ఆగిన గుండె అతుక్కోదు."

పెట్టె గురించి చెప్పాలి. గుండె ఆగినప్పుడు కరెంటు దెబ్బతో దాన్ని మళ్లీ దారిలో పెట్టే యంత్రం అది. ఒకప్పుడు అక్కడే ఆడి పెద్దవాడైన ఒకతను కొనిచ్చాడు. పుస్తకం చదువుకోనక్కర్లేదు, ఏం చెయ్యాలో అదే నోటితో చెబుతుంది. దానికి రెండు ప్యాడ్లుంటాయి. జిగురుబిళ్లల్లాగా ఒంటికి అతికిస్తే వాటిలోంచే కరెంటు పోతుంది. ప్యాడ్లు లేకపోతే ఆ యంత్రం ఒట్టి రేడియోతో సమానం.

దానికి టేకు అలమారా నేనే చేశాను. మొదటి నెలలోనే ఎవరో అందులోని కత్తెర పట్టుకెళ్లి బూట్ల తాళ్లు కత్తిరించుకున్నారు. దాంతో మా చెల్లెలు ఆసుపత్రి పద్ధతి తెచ్చింది. అలమారా గడియకి ప్లాస్టిక్ సీలు. తాళంలా చెవి అక్కర్లేదు, లాగితే తెగుతుంది, తెగితే మళ్లీ అతకదు. ఒక్కో సీలు మీద ఒక్కో అంకె ఉంటుంది. ఎవరైనా తెరిచి కొత్త సీలు వేస్తే అంకె మారిపోతుంది కాబట్టి దొరికిపోతారు. ప్రతి ఆదివారం సీలు దగ్గరికెళ్లి అంకె చదివి, రిజిస్టరులో రాసి, 'అన్నీ ఉన్నాయి' అని సంతకం పెట్టాలి. నియమం ఆమెదే. సంతకమూ ఆమెదే.

సెప్టెంబరులో ఒక ఆదివారం. ముందురోజంతా వాన. మైదానం బురద బురదగా ఉంది. రెండు జట్లు ఆలస్యంగా వచ్చాయి. ఒకావిడ పసుపు కార్డు లేకుండా కొడుకుని తీసుకొచ్చి, "మావాడు గుర్రంలా ఉన్నాడు, కార్డెందుకు?" అని అరగంట వాదన వేసుకుంది. మా చెల్లెలు అలమారా వైపు తల తిప్పి చూసింది. సీలు కనబడింది. రిజిస్టరు తెరిచింది. పైవరసలో కిందటి వారం అంకె ఉంది, 417. కింద 417 రాసి సంతకం పెట్టింది. ఎవరైనా అంతే చేస్తారు. నేనూ అంతే చేసేవాణ్ని. కానీ మా చెల్లెలు 'ఎవరైనా' కాదు. అదే ఇందులో ఉన్న బాధ.

ఆ రోజు నాలుగో మనిషిని నేను.

"అరవై తొమ్మిదేళ్ల ముసలాణ్ని పెట్టె తెమ్మంటావేంటే?" అన్నాను.

"ఆ తలుపు ఎక్కడ బిగుసుకుంటుందో నీకు తప్ప ఎవరికి తెలుసు అన్నయ్యా" అంది.

ఆట మొదలైన పావుగంటకి, పదమూడేళ్ల గోల్‌కీపర్ పిల్ల, బాగా దగ్గర నుంచి ఎవరో తన్నిన బంతిని ఛాతీతో ఆపింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల రెండడుగులు వేసి, మూడో అడుగు వెయ్యకుండా ముందుకి పడిపోయింది. మా చెల్లెలు పరుగెత్తింది. పిల్లని వెల్లకిలా తిప్పి ఊపిరి చూసింది, లేదు. "ఒకటి నేనే. రెండు, ఫోను. మూడు, గేటు. నాలుగు" అంది. అప్పటికే నేను అలమారా దగ్గరున్నాను. సీలు తెంపి జేబులో వేసుకుని, తలుపు కింది మూల తన్ని, పెట్టె తెచ్చాను. ముప్పై అయిదు సెకన్లు పట్టింది.

మూత తియ్యగానే అది మాట్లాడింది. "ప్యాడ్లను రోగి ఛాతీకి అతికించండి."

ప్యాడ్లు ఉండే సంచి ఖాళీగా ఉంది. మూతలో వెతికాను, అలమారాకి తిరిగి పరుగెత్తి వెతికాను.

"లేవా?" అంది మా చెల్లెలు, నొక్కడం ఆపకుండా.

"లేవే."

ఆమె ఒక్క క్షణం నా వైపు చూసింది. ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగం ఆ కళ్లలో కనబడింది. తర్వాత తల దించుకుంది. "అయితే లెక్కపెట్టన్నయ్యా. గట్టిగా."

నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. నా గొంతు మీదుగా ఆ పెట్టె చెబుతూనే ఉంది, ప్యాడ్లను అతికించండి, ప్యాడ్లను అతికించండి. దాని నోరెలా మూయించాలో నాకు తెలియలేదు.

కోచ్ కార్యదర్శికి ఫోను చేశాడు. నాకు మూడడుగుల దూరంలో నిలబడి చేశాడు. "ప్యాడ్లు ఏవండీ?" అన్నాడు. విన్నాడు. ఫోను పక్కకి తీసి మా చెల్లెలితో చెప్పాడు. "ఆయన దుకాణంలో ఉన్నాయట మేడం. రేకుల కింద వేడికి పాడవుతాయని బుధవారం తీసుకెళ్లి ఏసీ గదిలో పెట్టాడట. మీకు చెబుదామని మరిచిపోయాడట."

ఆయన దొంగ కాదు. అది ఒప్పుకుంటాను. ప్యాకెట్టు మీద 'చల్లని చోట ఉంచవలెను' అని చదివాడు. కళ్లలో పెట్టుకునే అద్దాల మందుసీసాలు దుకాణంలో ఎంత భద్రంగా దాస్తాడో, వీటినీ అంత భద్రంగా దాచాడు. పోతూ పోతూ, సీలు లేకుండా అలమారా వదలకూడదని మా చెల్లెలు నేర్పిన మాట గుర్తుంచుకుని కొత్త సీలు కూడా వేశాడు. నేర్పిన మాటల్లో అదొక్కటే గుర్తుంది ఆయనకి.

అంబులెన్సు పదో నిమిషంలో వచ్చింది. గేటు తెరిచే ఉంది. వాళ్ల పెట్టెలో ప్యాడ్లున్నాయి. రెండో దెబ్బకి ఆ పిల్ల గుండె దారిలో పడింది. పది నిమిషాలు ఆ గుండెకి బదులు పనిచేసినవి మా చెల్లెలి చేతులు. అరవై మూడేళ్ల చేతులు. మధ్యలో ఒక్కసారి వంటమనిషి వచ్చి మార్చుకుంది, అంతే.

పిల్ల బతికింది. ఈ మాట నేను చాలామందికి చెప్పాను. చెప్పినప్పుడల్లా అక్కడితో ఆపాలనిపిస్తుంది.

రెండు పక్కటెముకలు విరిగాయి. అవి అతుక్కున్నాయి. కానీ ఇంటికొచ్చాక చెంచాని చూపిస్తే దాని పేరు నోటికి రాదు. ఎడమచేత్తో పట్టుకున్న గ్లాసు ఎప్పుడు జారిపోతుందో తెలియదు. మెదడుకి రక్తం సరిగా అందని నిమిషాల వల్ల ఇలా అయిందనీ, తేరుకోవచ్చు, తేరుకోకపోవచ్చనీ, కరెంటు దెబ్బ మూడో నిమిషంలో పడి ఉంటే ఈ మాటే ఉండేది కాదనీ డాక్టరు చెప్పాడు.

ఆ పిల్ల తండ్రి బస్సు డిపోలో మెకానిక్. ఒక సాయంత్రం చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా మా ఇంటికొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, ఒక్కటే అడుగుతాను. ఆ రోజు పొద్దున అలమారా చూశారా?"

"సీలు చూశాను. అంకె చూడలేదు" అంది మా చెల్లెలు.

"చూసుంటే?"

"తెలిసేది. ఆట మొదలవనిచ్చేదాన్ని కాదు."

ఆయన చాలాసేపు గోడ మీద ప్రశంసాపత్రాల వైపు చూశాడు. వాటిని హాల్లో కొట్టినందుకు మొదటిసారి నాకు సిగ్గేసింది.

"మీరు అబద్ధం చెప్పుంటే నాకు తేలిగ్గా ఉండేది. తిట్టి పోయేవాణ్ని" అన్నాడు. "బతికించింది మీరే. ఇప్పుడు నేను మీకు దణ్ణం పెట్టాలో ఏం చెయ్యాలో తెలియట్లేదు."

ఏదీ చెయ్యకుండానే వెళ్లిపోయాడు.

కమిటీ విచారణ పెట్టింది. విచారణకి రెండు రోజుల ముందే ప్యాడ్లు అలమారాలో తిరిగి ప్రత్యక్షమయ్యాయి. నేను జేబులోంచి తెగిన సీలు తీసి బల్ల మీద పెట్టాను. దాని మీద అంకె 421. రిజిస్టరులో 417. "వారం మధ్యలో ఎవరో తెరిచి సీలు మార్చారని ఇదే చెబుతోంది కదా" అన్నాను.

"అవునండీ, మీ చెల్లెలుగారు చూడకుండా రాశారని కూడా ఇదే చెబుతోంది" అన్నాడు కార్యదర్శి, కొత్త కళ్లజోడు తుడుచుకుంటూ.

నిజమే. ఒకే వరస రెండు నిజాలు చెప్పింది. వాళ్లు ఒకటే విన్నారు.

కోచ్‌ని అడిగాను. "ఫోనులో ఏం విన్నావో చెప్పు బాబూ. నా పక్కనే నిలబడి చెప్పావు."

అతను కార్యదర్శి వైపు చూశాడు. "ఆ హడావిడిలో ఏం విన్నానో, ఏం చెప్పానో సరిగ్గా గుర్తులేదండీ." అతన్ని ఏడాదికోసారి పనిలో కొనసాగించేది కార్యదర్శే.

"నీకు గుర్తుండేది బంతి ఒక్కటేనా?" అన్నాను. మా చెల్లెలు నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

కమిటీ ఒక కాగితం తయారుచేసింది. అందులో రెండు వాక్యాలున్నాయి. 'సీలు అంకె సరిచూడకుండా సంతకం చేసితిని' అని మొదటిది. 'శిక్షణ నిమిత్తము ప్యాడ్లను బయటకు తీసి, తిరిగి పెట్టుట మరిచితిని' అని రెండోది. సంతకం పెడితే ఆరు నెలలు దూరంగా ఉండి మళ్లీ రావచ్చు. పెట్టకపోతే ఇక ఎప్పటికీ రానక్కర్లేదు.

"మొదటిది నేనే రాసిస్తాను, ఇంకా గట్టిగా రాసిస్తాను. రెండోది కొట్టెయ్యండి" అంది మా చెల్లెలు.

"రెండూ ఉంటేనే కాగితం" అన్నారు.

ఆమె లేచి వచ్చేసింది. నేను ఆ రోజు గర్వంగా నడిచాను ఆమె పక్కన. మా నాన్న పొలం గట్టు తగాదాలో తప్పుడు కాగితం మీద వేలిముద్ర వెయ్యనన్నందుకు సగం చెలక పోగొట్టుకున్నాడు. ఆ రక్తం ఇది అనుకున్నాను.

ఏడు వారాలు గడిచాయి. మైదానంలో ఆదివారం ఆటలు ఆగలేదు. నలుగురిని నిలబెట్టేవాళ్లు మాత్రం లేరు. నూట నలభైమూడు మంది నేర్చుకున్నవాళ్లున్నారు, 'నువ్వు ఒకటి' అని వేలు చూపేవాళ్లు లేరు. ఎవరికివారు మనకెందుకొచ్చిన గొడవ, ఆవిడకే అంత జరిగితే మనమెంత అనుకున్నారు. పసుపు కార్డులు అడిగేవాళ్లు లేరు. మనవరాలిని నేను పంపడం మానేశాను. మా చెల్లెలు ఆదివారం పొద్దున్నే లేచి, స్టాప్‌వాచ్ మెడలో వేసుకుని, మళ్లీ తీసి, బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చునేది. రాళ్లు లేని బియ్యం అవి.

నవంబరులో ఒక ఆదివారం, ఎనిమిది గంటలకి ఫోను మోగింది. కోచ్.

"మేడం, ఒక పాపకి ఆయాసం వచ్చింది. పెదాలు నీలంగా... ఏం చెయ్యమంటారు?"

"పడుకోబెట్టకు, కూర్చోబెట్టు. అంబులెన్సుకి చెప్పారా?"

"ఇప్పుడు చెబుతున్నారు."

"మూడోవాడు గేటుకెళ్లాడా?"

"మూడోవాడు ఎవరూ లేరు మేడం."

మా చెల్లెలు కళ్లు మూసుకుని తెరిచింది. "పాప సంచీ తెరువు. పీల్చే మందు నీలం డబ్బాలో ఉంటుంది. లేకపోతే కార్డుల పెట్టె కింద సొరుగులో ఒకటి పెట్టాను. బాగా కుదుపు. ఒక్కోసారి ఒక్కటే, నెమ్మదిగా పీల్చమను. నాతో లెక్కపెట్టు."

నాలుగు నిమిషాలు ఫోనులోంచే లెక్కపెట్టింది. పాప తేరుకుంది. కోచ్ ఏడుస్తున్నాడు. "మేడం, ఆ రోజు నాకు గుర్తుంది మేడం" అన్నాడు.

"నాకు తెలుసు నాయనా. అది నాకు కాదు, వాళ్లకి చెప్పు."

అతను ఇప్పటికీ చెప్పలేదు.

ఆమె ఫోను పెట్టేసి, బియ్యం చేట పక్కకి జరిపింది. "ఆ కాగితం మీద సంతకం పెడతానన్నయ్యా."

"మతి పోయిందా? నువ్వు చెయ్యని తప్పు ఒప్పుకుంటావా? మన ఇంట్లో తప్పుడు కాగితం మీద సంతకం పెట్టినవాళ్లున్నారా?"

"ఉన్నారు. చూడని అంకె కింద 'అన్నీ ఉన్నాయి' అని సంతకం పెట్టింది నేనే కదా. ఇంకో తప్పుడు సంతకం పెడితే కొత్తగా పోయేదేముంది?"

"పరువు పోతుంది. రేపు ఆ మెకానిక్ ఆ కాగితం చదివితే నువ్వే ప్యాడ్లు తీశావనుకుంటాడు."

ఆ మాటకి ఆమె మొహం వాడిపోయింది. అది తగలాలనే అన్నాను, ఇప్పుడు వెనక్కి తీసుకోలేను.

"అనుకోనీ" అంది. "పరువు ఇంట్లో పెట్టుకుని నేనేం చెయ్యను? ఈ వేళ ఫోను దొరికింది. వచ్చే వారం దొరక్కపోతే?"

బుధవారం నాడు వెళ్లి రెండు వాక్యాల కిందా సంతకం పెట్టి వచ్చింది. నేను వెంట వెళ్లలేదు. కార్యదర్శి కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఇదేదో అప్పుడే చేసుంటే అందరికీ బాగుండేది నర్సమ్మగారూ" అన్నాడట. ఆరు నెలలు ఎప్పట్నుంచి అని ఈమె అడిగితే, ఆ సెప్టెంబరు నుంచి కాదు, సంతకం పెట్టిన రోజు నుంచేనన్నాడట. రెండు నెలలు పంతం పట్టినందుకు జరిమానా అది. పదకొండు మంది సభ్యుల్లో ఒక్కడూ నోరు విప్పలేదట. ఆ పదకొండు మందిలో ఆరుగురి పిల్లలు ఆ మైదానంలోనే ఆడతారు. ముగ్గురికి ఛాతీ నొక్కడం మా చెల్లెలే నేర్పింది.

నాలుగు రోజులు నేను ఆమెతో మాట్లాడలేదు. అయిదో రోజు మాట్లాడాను. ఎందుకంటే ముసలితనంలో నాకు మిగిలిన తోబుట్టువు ఆమె ఒక్కతే. కానీ కోపం పోయిందని అనను. ముప్పై ఒక్క ఏళ్ల సేవ, రెండు ప్రశంసాపత్రాలు, నూట నలభైమూడు మందికి నేర్పిన విద్య, బతికిన ఒక పిల్ల, అన్నీ ఒక పళ్లెంలో వేసి, ఒక తప్పుడు వాక్యం రెండో పళ్లెంలో వేస్తే, మా ఊరి మనుషుల తక్కెడ రెండో వైపే మొగ్గింది. ఆ తక్కెడ పట్టుకున్న చేతుల పేర్లు నాకు తెలుసు. రాయొద్దని ఆమె ఒట్టు పెట్టించుకుంది కాబట్టి రాయలేదు.

మొన్న కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. మర్యాదకి ఒక్క మాట కూడా లేదు. వచ్చే వేసవి వరకూ మైదానం గీత లోపల అడుగు పెట్టరాదనీ, ఆ తర్వాత పాత పనిలో చేరవచ్చనీ టైపు చేసి, కింద ఆ చేరే తేదీ కూడా వేశారు. మే పదిహేడు, ఆదివారం, పొద్దున్న ఆరున్నర.